ఎంఎస్‌డబ్ల్యూ మొదటి సెమిస్టర్ ప్రణాళిక: లెక్క ఫీల్డ్ వర్క్ నుంచే ఎందుకు మొదలవ్వాలి?

క్లుప్తంగా: ఎంఎస్‌డబ్ల్యూ (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్) అనే సోషల్ వర్క్ పీజీలో మొదటి సెమిస్టర్ బరువు ఎంతో సబ్జెక్టుల జాబితా చూస్తే తెలియదు. వారంలో కొన్ని రోజులు ఏజెన్సీలో, అంటే విద్యార్థిని శిక్షణకు తీసుకునే సేవా సంస్థలో, చేయవలసిన ఫీల్డ్ వర్క్, దానికి ముందు పూర్తికావలసిన ఏర్పాట్లు, దాని తర్వాత రాయవలసిన రికార్డులు కలిసి ఆ సెమిస్టర్ స్వరూపాన్ని నిర్ణయిస్తాయి. అందువల్ల ముందు ఫీల్డ్ వర్క్ రోజులను ఖాయం చేసుకుని, సబ్జెక్టులనూ ఉద్యోగాన్నీ వాటి చుట్టూ అమర్చుకోవడం ఎక్కువమంది విద్యార్థులకు నప్పే క్రమం.

రెండు టైంటేబుళ్ల చదువు

ఎంఎస్‌డబ్ల్యూకు సాధారణంగా ఏ డిగ్రీ చదివినవారైనా అర్హులే కనుక, మొదటి రోజు తరగతిలో కామర్స్ చదివినవారు, సైన్సు చదివినవారు, సాహిత్యం చదివినవారు పక్కపక్కనే కూర్చుంటారు. వీరందరికీ ఉమ్మడిగా ఒక అలవాటు ఉంటుంది. సబ్జెక్టుల జాబితా తీసుకోవడం, క్రెడిట్లు కూడుకోవడం, తరగతి వేళలు ఒకదానితో ఒకటి ఢీకొనకుండా చూసుకోవడం, మిగిలిన సమయంలో ఉద్యోగమో ఇంటి పనో సర్దుకోవడం. ఇతర పీజీ కోర్సుల్లో ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. సోషల్ వర్క్‌లో మాత్రం ఇదే పద్ధతి నెల తిరిగేసరికి విద్యార్థిని ఇరకాటంలో పెడుతుంది.

కారణం సరళమైనదే. ఈ చదువుకు టైంటేబుళ్లు రెండు. ఒకటి విశ్వవిద్యాలయం తయారుచేసేది. రెండోది ఆస్పత్రి, పాఠశాల, వృద్ధాశ్రమం, బాలల సంరక్షణ కేంద్రం, కుటుంబ సలహా కేంద్రం వంటి ఏజెన్సీ తన అవసరాన్నిబట్టి నడిపేది. మొదటిదానిలో కొంత వెసులుబాటు ఉంటుంది. తరగతి తప్పితే నోట్సు దొరుకుతుంది, పుస్తకం రాత్రి పదకొండు గంటలకైనా చదవవచ్చు. రెండోదానిలో ఆ వెసులుబాటు లేదు. ఏజెన్సీకి వచ్చే మనుషులు తమకు వీలైన వేళకు వస్తారు. విద్యార్థికి మార్గదర్శనం చేసే సూపర్‌వైజర్ కూడా అదే సంస్థలో పూర్తికాలపు ఉద్యోగి కావడం వల్ల, ఆమె పనివేళలే విద్యార్థి పనివేళలవుతాయి. కదిలించగలిగేదాన్ని ముందు పాతి, కదలనిదాన్ని తర్వాత ఇరికించాలని చూడడమే మొదటి సెమిస్టర్‌లో ఎక్కువగా జరిగే పొరపాటు.

క్రెడిట్ల లెక్క కూడా ఇక్కడ దారి తప్పిస్తుంది. ఫీల్డ్ వర్క్‌కు మూడు లేదా నాలుగు క్రెడిట్లు ఉన్నాయని చూసి, అది మరో సబ్జెక్టుతో సమానమని విద్యార్థి అనుకుంటాడు. సబ్జెక్టుకు మూడు క్రెడిట్లంటే వారానికి మూడు గంటల తరగతి, అదనంగా ఇంటి దగ్గర చదువు. ఫీల్డ్ వర్క్‌లో అదే సంఖ్య వెనుక రెండు పూర్తి పనిదినాలు దాగి ఉండవచ్చు.

ఈ అమరిక ఎలా వచ్చింది?

సోషల్ వర్క్ శిక్షణ పుట్టింది విశ్వవిద్యాలయంలో కాదు, సహాయ సంస్థల్లో. నిరుపేద కుటుంబాల ఇళ్లకు వెళ్లి సాయం చేసేవారికి సద్బుద్ధి ఒక్కటే చాలదని, పద్ధతి ప్రకారం శిక్షణ కావాలని అమెరికాలో 1890ల చివర వాదన బలపడింది. 1898లో న్యూయార్క్‌లోని చారిటీ ఆర్గనైజేషన్ సొసైటీ ఆరు వారాల వేసవి తరగతులు ప్రారంభించింది. అవి 1904 నాటికి ఏడాది కోర్సుగా ఎదిగాయి. అంటే పని ముందు ఉంది, పాఠం దాని అవసరం కొద్దీ తర్వాత వచ్చింది. భారతదేశంలో 1936లో బొంబాయిలో ప్రారంభమైన సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ ఈ రంగంలో దేశంలోనే మొదటి విద్యాసంస్థ. నేటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ దాని కొనసాగింపే.

కాలక్రమంలో ఈ చదువు విశ్వవిద్యాలయాల్లోకి చేరింది గానీ సంస్థలతో బంధం తెగలేదు. అమెరికాలో సోషల్ వర్క్ కోర్సులకు గుర్తింపునిచ్చే కౌన్సిల్ ఆన్ సోషల్ వర్క్ ఎడ్యుకేషన్ 2008 ప్రమాణాల్లో ఫీల్డ్ వర్క్‌ను ఈ వృత్తి ‘సిగ్నేచర్ పెడగాజీ’గా, అంటే ఈ వృత్తికే ముద్రవంటి బోధన పద్ధతిగా పేర్కొంది. వైద్య విద్యకు రోగి మంచం పక్కన జరిగే పాఠం ఎటువంటిదో, దీనికి ఏజెన్సీ అటువంటిది. మొదటి సెమిస్టర్‌లోనే, ఇంకా ఏమీ తెలియని దశలోనే, విద్యార్థిని మనుషుల ముందు నిలబెట్టడం చాలామందికి తొందరపాటుగా కనిపిస్తుంది. ఆ పద్ధతికి ఉన్న తర్కం వేరు. తరగతిలో ‘వినడం’ గురించి చెప్పే పాఠం, ఒక్కసారైనా ఎదుటివారి మాట సరిగా వినలేక తడబడినవారికే పూర్తిగా అందుతుంది.

దేశాన్నిబట్టి మారే మొదటి సెమిస్టర్

ఒక దేశపు విద్యార్థి ఇచ్చిన సలహా మరో దేశంలో పనికిరాకపోవడానికి కారణం ఫీల్డ్ వర్క్‌ను అమర్చే తీరులోని తేడా. అమెరికాలో మాస్టర్స్ విద్యార్థికి కనీసం 900 గంటల ఫీల్డ్ వర్క్ తప్పనిసరి. బ్యాచిలర్ స్థాయిలో అది 400 గంటలు. ఆస్ట్రేలియాలో వృత్తి అర్హతనిచ్చే కోర్సులకు 1,000 గంటల ప్రమాణం ఉంది. ఇంగ్లండ్‌లో లెక్క గంటల్లో కాక రోజుల్లో ఉంటుంది. మొత్తం 200 రోజులు, అందులో 30 రోజుల వరకు నైపుణ్య శిక్షణకు కేటాయించవచ్చు. పైగా, అక్కడ మొదటి ప్లేస్‌మెంట్‌కు (ఫీల్డ్ వర్క్ కోసం కేటాయించిన సంస్థకు) వెళ్లేముందు మనుషులతో నేరుగా పనిచేయడానికి విద్యార్థి సిద్ధంగా ఉన్నాడా లేదా అని పరీక్షించే దశ ఒకటి దాటాలి. భారతీయ విశ్వవిద్యాలయాల్లో వారానికి రెండు రోజులు ఏజెన్సీలో, మిగిలిన రోజులు తరగతిలో గడిపే పద్ధతి ఎక్కువ. దానికి తోడు గ్రామీణ శిబిరం, చివర్లో కొన్ని వారాలపాటు ఏకధాటిగా సాగే బ్లాక్ ఫీల్డ్ వర్క్, రికార్డుల మీద వైవా ఉంటాయి.

ఈ తేడాలన్నిటి అడుగున ఉన్నవి రెండు నమూనాలే. తరగతి, ఫీల్డ్ ఒకే వారంలో సాగేది కాంకరెంట్ నమూనా. కొన్ని నెలలు తరగతి, ఆపై కొన్ని నెలలు పూర్తిగా ఫీల్డ్ అన్నది బ్లాక్ నమూనా. బ్లాక్ పద్ధతిలో మొదటి సెమిస్టర్ సాధారణంగా చదువుతోనే గడుస్తుంది. అక్కడ ప్రణాళిక వేయవలసింది రాబోయే ప్లేస్‌మెంట్ నెలలకు, ముఖ్యంగా ఆ నెలల్లో ఆగిపోయే ఆదాయానికి. కాంకరెంట్ పద్ధతిలో ఒత్తిడి మొదటి వారం నుంచే ఉంటుంది, కాకపోతే పలుచగా పరచుకుని ఉంటుంది. ఉదయం పాఠంలో విన్న భావన మరుసటి రోజే ఒక మనిషి మాటల్లో ఎదురవుతుంది. నేర్చుకోవడానికి ఇది మేలైన పద్ధతి. జీతం మీద ఆధారపడిన వారికి మాత్రం ఇదే కష్టమైన పద్ధతి, ఎందుకంటే వారంలో రెండు పగళ్లు ఏడాది పొడవునా చేజారిపోతాయి. ఏ కోర్సు ఏ నమూనాలో నడుస్తుందో దరఖాస్తు దశలోనే కనుక్కోవలసిన విషయం. ఫీజు వివరాలు చూసినంత శ్రద్ధగా దీన్ని చూసేవారు తక్కువ.

వారం లెక్క

అంకెలు వేసి చూస్తే విషయం తేటపడుతుంది. అమెరికాలో క్రెడిట్‌కు ఉన్న నిర్వచనం ప్రకారం, ఒక్కో క్రెడిట్‌కు వారానికి గంట తరగతి, తరగతి బయట కనీసం రెండు గంటల పని, సుమారు పదిహేను వారాలు ఉండాలి. మూడేసి క్రెడిట్ల సబ్జెక్టులు మూడు తీసుకున్న విద్యార్థికి తరగతి 9 గంటలు, చదువూ రాతా 18 గంటలు. వారానికి 16 గంటల ఫీల్డ్ వర్క్ ఉందనుకుంటే మొత్తం 43. ఫీల్డ్ సెమినార్‌కు (ఏజెన్సీ అనుభవాలను చర్చించే తరగతికి) 2 గంటలు, రికార్డులు రాయడానికి 3 గంటలు, ఏజెన్సీకి రాకపోకలకు 4 గంటలు చేర్చితే 52. నాలుగో సబ్జెక్టు కలిస్తే 61.

వారంలో ఉన్నవి 168 గంటలు. రోజుకు ఎనిమిది గంటల నిద్ర తీసేస్తే 112 మిగులుతాయి. వారానికి 40 గంటల ఉద్యోగం, 52 గంటల చదువు కలిస్తే 92 గంటలు పోతాయి. వంట, పిల్లలు, స్నానం, ప్రయాణం, జ్వరం, మనశ్శాంతి, అన్నిటికీ మిగిలేవి వారమంతటికీ 20 గంటలు. పూర్తికాలపు ఉద్యోగం, పూర్తికాలపు ఎంఎస్‌డబ్ల్యూ కలిపి నడపలేకపోవడం క్రమశిక్షణ లోపంగా చాలామంది తమను తాము నిందించుకుంటారు. అది క్రమశిక్షణకు సంబంధించినది కాదు, కూడికకు సంబంధించినది.

మరో లెక్క కూడా గమనించదగినది. వారానికి 16 గంటల చొప్పున 14 వారాలు పనిచేస్తే సెమిస్టర్‌కు 224 గంటలవుతాయి. నాలుగు సెమిస్టర్లకు 896. కనీస ప్రమాణమైన 900కు ఇంకా నాలుగు గంటలు తక్కువ. అంటే ఒక్క రోజు కూడా సెలవు పెట్టని విద్యార్థికి సైతం ఈ వేగం సరిపోదు. ఒక వారం అనారోగ్యంతో పోతే ఆ 16 గంటలు ఎక్కడో ఒకచోట పూడ్చవలసిందే. అందుకే ఫీల్డ్ రోజులను అంచులవరకు నింపకుండా, సెమిస్టర్‌కు రెండు మూడు రోజుల మిగులు ముందుగానే ఉంచుకోవడం అవసరం.

లెక్కకు అందని రాతపని

ఫీల్డ్ వర్క్ ఏజెన్సీ గుమ్మం దగ్గర ముగియదు. మొదటి సెమిస్టర్ విద్యార్థి చేత ఎక్కువగా రాయించేది ప్రాసెస్ రికార్డింగ్. జరిగిన సంభాషణను గుర్తున్నంతవరకు మాటకు మాట రాయడం, పక్క గడిలో ఆ క్షణాన తన మనసులో ఏమి కదిలిందో రాయడం, మరో గడిని సూపర్‌వైజర్ వ్యాఖ్యకు వదలడం దాని పద్ధతి. ఎలా ఉంటుందో ఒక ఊహాజనిత ఉదాహరణతో చూడవచ్చు. ఆస్పత్రి నుంచి డిశ్చార్జి కావలసిన ఒక వృద్ధుడితో విద్యార్థిని మాట్లాడుతోంది.

విద్యార్థిని: ‘ఇంటికి వెళ్లాక మిమ్మల్ని ఎవరు చూసుకుంటారండీ?’
వృద్ధుడు: ‘చూసుకుంటార్లే అమ్మా’ (కిటికీ వైపు చూశారు).
విద్యార్థిని: ‘సరేనండీ. మందులు ఏ వేళకు ఏవి వేసుకోవాలో ఒకసారి చూద్దామా?’
నా మనసులో: ఆయన గొంతు తగ్గింది. ఇంకా అడిగితే బాధపడతారని భయం వేసి విషయం మార్చాను.
సూపర్‌వైజర్: బాధపడతారన్నది ఆయన భయమా, మీ భయమా?

ఆ చివరి ప్రశ్న కోసమే ఈ రాతంతా. కిటికీ వైపు చూసిన ఆ చూపు రికార్డులోకి రాకపోతే ఆ ప్రశ్న పుట్టదు. ఆ చూపు మరుసటి రోజుకు గుర్తుండదు. అరగంట సంభాషణను ఇలా రాయడానికి గంటన్నర, రెండు గంటలు పట్టడం మామూలే. ఆ రాత అదే సాయంత్రం జరగాలి. ఫీల్డ్ రోజు సాయంత్రానికి తరగతి పెట్టుకున్నవారు ఈ రాతను వారాంతానికి తోస్తారు. వారాంతంలో రాసినది సంభాషణ సారాంశంగా మిగులుతుంది, సూపర్‌వైజర్‌కు పట్టుకోవడానికి ఏమీ దొరకదు. అందుచేత ఫీల్డ్ రోజుల సాయంత్రాలను ఖాళీగా ఉంచుకోవడం మొదటి సెమిస్టర్ ప్రణాళికలో అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చే నిర్ణయాల్లో ఒకటి.

ఏజెన్సీ కుదరడం వెనుక ఏముంది?

తరగతులు మొదలయ్యాక ఏజెన్సీ సంగతి చూసుకోవచ్చనుకోవడం మరో సాధారణ పొరపాటు. చాలాచోట్ల విద్యార్థి ఆసక్తుల పత్రం నింపాలి, విభాగం ఒక సంస్థను సూచించాలి, ఆ సంస్థ ఇంటర్వ్యూ చేయాలి, ఆపై నేరచరిత్ర పరిశీలన, టీకాల ధ్రువపత్రాలు వంటివి పూర్తికావాలి. పిల్లలతోనూ రోగులతోనూ పనిచేసే సంస్థలు ఈ పత్రాలు చేతికి రానిదే లోపలికి అడుగుపెట్టనివ్వవు. ఒక్క పత్రం ఆలస్యమైతే పోయేది ఆ రోజు కాదు, ఆ వారాల గంటలు. సీటు ఖాయమైన రోజునే ఈ పత్రాల పని మొదలుపెట్టడం మంచిది.

సాయంత్రం లేదా శనివారం ప్లేస్‌మెంట్ కావాలన్న కోరిక తరచు వినిపిస్తుంది. అవి తక్కువగా దొరకడానికి విభాగం ఉదాసీనత కారణం కాదు. విద్యార్థి ఉన్న వేళ పర్యవేక్షించే అర్హత గల వ్యక్తి కూడా అక్కడ ఉండాలి. అమెరికా ప్రమాణాల ప్రకారం మాస్టర్స్ విద్యార్థికి మార్గదర్శనం చేసేవారికి సోషల్ వర్క్‌లో మాస్టర్స్ డిగ్రీ, ఆపై రెండేళ్ల అనుభవం ఉండాలి. అటువంటి వారు సంస్థ పగటి పనివేళల్లోనే ఎక్కువగా ఉంటారు. ఉద్యోగులకు ఉన్న మరో దారి, తాము పనిచేసే సంస్థలోనే ఫీల్డ్ వర్క్ చేయడం. గుర్తింపు ప్రమాణాలు దీన్ని అనుమతిస్తున్నాయి. అయితే అక్కడ చేసే పని ఈ చదువు ఆశించే నైపుణ్యాలతో ముడిపడి ఉండాలి. కోర్సును బట్టి వేరే విభాగం, వేరే సూపర్‌వైజర్ కావాలన్న షరతు కూడా ఉండవచ్చు. గంటల పరంగా ఇది పెద్ద ఊరట. నేర్చుకోవడం పరంగా దీనికో లోటుంది. తెలిసిన చోట తెలిసిన మనుషుల మధ్య, విద్యార్థిగా తప్పు చేసే స్వేచ్ఛ తగ్గిపోతుంది.

ఎటువంటి ఏజెన్సీ కోరుకోవాలన్న విషయంలో మొదటి సెమిస్టర్‌కు ఒక మెళకువ వర్తిస్తుంది. స్పెషలైజేషన్ ఇంకా దూరంలో ఉంది. మానసిక ఆరోగ్యమే తన రంగమని ముందే నిశ్చయించుకున్న విద్యార్థికి పాఠశాలో సామాజికాభివృద్ధి సంస్థో కేటాయిస్తే నిరాశ సహజం. కానీ మొదటి ఏడాది ఉద్దేశం వెడల్పే. సంస్థ పేరు కంటే, వారానికి కనీసం ఒక గంట తప్పకుండా కూర్చోబెట్టి మాట్లాడే సూపర్‌వైజర్ దొరకడం ఆ ఏడాదికి ఎక్కువ విలువైనది. మరణం, హింస, వ్యసనం వంటివి విద్యార్థి సొంత జీవితాన్ని ఈ మధ్యనే తాకి ఉంటే, అదే బాధ రోజూ ఎదురయ్యే చోటుకు మొదటి సెమిస్టర్‌లో వెళ్లడం గురించి ఫీల్డ్ వర్క్ బాధ్యులతో ముందుగా మాట్లాడుకోవచ్చు. వివరాలన్నీ చెప్పనక్కరలేదు. ఏ రంగం ఇప్పుడు వద్దో చెబితే సరిపోతుంది.

ఏ సబ్జెక్టు ఏ పక్కన?

మొదటి సెమిస్టర్‌లో ఎంచుకోవడానికి ఉండేవి కొద్దిపాటివే. సోషల్ వర్క్ చరిత్ర, విలువలు, మానవ ప్రవర్తన, సంక్షేమ విధానం, కేస్ వర్క్ (ఒక్కో వ్యక్తితో లేదా కుటుంబంతో విడిగా పనిచేసే పద్ధతి) లేదా ప్రాక్టీస్ పద్ధతులు, పరిశోధన పద్ధతులు దాదాపు ప్రతిచోటా ఏదో ఒక పేరుతో కనిపిస్తాయి. వీటిలో ప్రాక్టీస్ పేపర్‌కు ఫీల్డ్ వర్క్‌తో విడదీయరాని సంబంధం ఉంటుంది. ఒకదాన్ని వదిలి రెండోదాన్ని తీసుకోనివ్వని కోర్సులే ఎక్కువ, ఎందుకంటే ప్రాక్టీస్ తరగతిలో చర్చకు వచ్చేవి విద్యార్థులు ఏజెన్సీ నుంచి తెచ్చే కేసులే. భారం తగ్గించుకోవాలనుకున్నప్పుడు వాయిదా వేయడానికి వీలున్నది సాధారణంగా పరిశోధన లేదా విధానం పేపర్. అయితే అది మరో సబ్జెక్టుకు పునాదిగా ఉందేమో చూసుకోవాలి. కొన్ని పేపర్లు ఏడాదికి ఒక్క సెమిస్టర్‌లోనే ఉంటాయి, అది తప్పితే పూర్తి ఏడాది ఆగవలసి వస్తుంది.

అమెరికాలో గుర్తింపు పొందిన బీఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో బ్యాచిలర్ డిగ్రీ) చదివినవారికి అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ అన్న దారి ఉంది. వారు ప్రాథమిక ఏడాదిని చాలావరకు దాటేసి, సుమారు ఏడాదిలోనే మాస్టర్స్ పూర్తిచేయగలరు. వారి మొదటి సెమిస్టర్ ఇతరుల మూడో సెమిస్టర్‌తో సమానం కావడం వల్ల, స్పెషలైజేషన్ నిర్ణయం చేరకముందే జరిగి ఉండాలి. పార్ట్‌టైమ్ పద్ధతిలో దీనికి పూర్తిగా వ్యతిరేకం. రెండేళ్ల కోర్సు మూడు నాలుగేళ్లకు పరచుకుంటుంది, ఫీల్డ్ వర్క్ తరచు రెండో ఏడాదికి వాయిదా పడుతుంది. మొదటి సెమిస్టర్ తేలికగా గడిచిపోవడం వల్ల, రాబోయే ఫీల్డ్ నెలలకు ఉద్యోగంలో చేసుకోవలసిన సర్దుబాట్లు మరుగున పడతాయి. పై అధికారితో ఆ మాట ఏడాది ముందే మొదలుపెట్టినవారికి దారి దొరికే అవకాశం ఎక్కువ.

సెమిస్టర్ లోపలి ఆటుపోట్లు

పదిహేను వారాల భారం సమంగా పంచి ఉండదు. మొదటి రెండు మూడు వారాలు ఏజెన్సీ పరిచయాలతో, పాత ఫైళ్లు చదవడంతో తేలికగా గడుస్తాయి. పనేమీ ఇవ్వడం లేదన్న అసంతృప్తి విద్యార్థుల్లో మొదలయ్యేది ఇక్కడే. నిజానికి తరగతి అసైన్‌మెంట్లను ముందుకు తోసుకోవడానికి దొరికే ఏకైక అదను ఇదే. అయిదో వారం నాటికి కేసులు చేతికి వస్తాయి. ఏడు, ఎనిమిది వారాల్లో మధ్యంతర మూల్యాంకనం, అసైన్‌మెంట్ల గడువులు ఒకేసారి ముంచుకొస్తాయి. ప్రారంభంలో సూపర్‌వైజర్‌తో కలిసి రాసే లెర్నింగ్ అగ్రిమెంట్ విలువ అప్పుడు తెలుస్తుంది. ఏమి నేర్చుకోవాలో అందులో నిర్దిష్టంగా ఉంటే మూల్యాంకనం దాని మీద సాగుతుంది. ‘కమ్యూనికేషన్ నైపుణ్యాలు పెంచుకోవడం’ అని ముక్తసరిగా రాసి ఉంటే మూల్యాంకనం సూపర్‌వైజర్ అభిప్రాయం మీద సాగుతుంది.

చివరి వారాల సంగతి అన్నిటికంటే తక్కువగా ఆలోచించేది. పరీక్షలు దగ్గరపడిన వేళకే, మూడు నెలలుగా తనతో మనసు విప్పి మాట్లాడుతున్న మనిషికి విద్యార్థి వీడ్కోలు చెప్పవలసి రావచ్చు, లేదా సెలవుల విరామానికి ఆ మనిషిని సిద్ధం చేయవలసి రావచ్చు. ఈ వృత్తిలో దాన్ని టర్మినేషన్ అంటారు. అది ఒక్క రోజు పని కాదు. సంగతి ముందుగా చెప్పడం, ఆ మనిషిలో కోపమో మౌనమో కనిపిస్తే దానికి చోటివ్వడం, ఇకపై ఎవరు చూస్తారో పరిచయం చేయడం, ఇవన్నీ కలిసి మూడు నాలుగు భేటీలు పడతాయి. అంతకుముందు ఎవరో ఒకరు చెప్పకుండా వదిలి వెళ్లిన అనుభవం ఉన్న పిల్లల విషయంలో ఇంకా ఎక్కువే పట్టవచ్చు. విశ్వవిద్యాలయం సెలవులు, ఏజెన్సీ సెలవులు ఒకే తేదీన మొదలుకావు కనుక, చివరి ఫీల్డ్ రోజు ఏదన్నది ఇద్దరి క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టి చూస్తేగాని తేలదు. ఆ తేదీని మొదటి వారంలోనే డైరీలో రాసుకుని, అక్కడి నుంచి నాలుగు వారాలు వెనక్కి లెక్కించి, వీడ్కోలు మాట మొదలుపెట్టే రోజును కూడా గుర్తుపెట్టుకోవాలి.